పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది: ఫ్రాన్స్‌లో రాజుకి అంత పవర్ ఎలా వచ్చింది

1614 చివర్లో పారిస్‌లో ఎస్టేట్స్ జనరల్ అనే ఒక పెద్ద సభ మొదలైంది. చర్చి వాళ్ళు, ప్రభువులు, మిగతా జనం అని మూడు వర్గాల ప్రతినిధులు విడివిడిగా కూర్చుని రాజుకి తమ కోరికల చిట్టా రాసిచ్చే సభ అనమాట. ఈ మూడో వర్గంలో వచ్చినవాళ్ళు ఎక్కువమంది లాయర్లు, కోర్టు ఆఫీసర్లు, ఊళ్ళలో కాస్త పలుకుబడి ఉన్నవాళ్ళు. వీళ్ళు తమ లిస్టులో మొట్టమొదటి డిమాండ్ ఏం పెట్టి ఉంటారనుకుంటున్నారు? పన్నులు తగ్గించమనా? అబ్బే. రాజుకి కిరీటం డైరెక్టుగా దేవుడి దగ్గర్నుంచే వచ్చింది, పోప్‌తో సహా ఈ భూమ్మీద ఎవరికీ ఆయన్ని దించే హక్కు లేదు, ఈ మాటని దేశానికి మూల చట్టంగా ప్రకటించండి, ప్రతి ఆఫీసరూ ప్రతి ఫాదరూ దీని మీద ప్రమాణం చెయ్యాలి అని. దీన్ని అడ్డుకున్నది చర్చి వాళ్ళు. వాళ్ళ తరఫున కార్డినల్ దు పెరోన్ లేచి ఇది పోప్ అధికారాన్ని కాదనడమే అని పెద్ద స్పీచ్ ఇచ్చాడు (ఈయన స్వయంగా ఒక ప్రొటెస్టెంట్ పాస్టర్ కొడుకు, తర్వాత కాథలిక్ అయ్యాడు, ఈ వివరం గుర్తుపెట్టుకోండి, ఈ కథలో ఇలా అటూ ఇటూ దూకేవాళ్ళు చాలామంది తగుల్తారు). చివరికి రాజు తరఫువాళ్ళు ఆ ఆర్టికల్‌ని మేం చూసుకుంటాంలే అని పక్కకి తీసేశారు.

మనం స్కూల్లో చదువుకున్న లెక్క ప్రకారం నిరంకుశత్వం అంటే రాజు లాక్కునేది, జనం నోరు మూసుకుని భరించేది. పద్నాలుగో లూయీ "నేనే రాజ్యం" అన్నాడని ఒక మార్కు బిట్టు కూడా రాసేవాళ్ళం (ఆయన ఆ మాట అన్నట్టు గట్టి ఆధారమేమీ లేదు, అది వేరే సంగతి). మరి ఇక్కడేమో జనం ప్రతినిధులే మా నెత్తిన ఎవరూ దించలేని రాజుని పెట్టండి మహాప్రభో అంటున్నారు, రాజు సైడ్ వాళ్ళే కొంచెం మొహమాటపడుతున్నారు. ఇది అర్థం కావాలంటే అంతకుముందు యాభై ఏళ్ళు ఆ దేశంలో ఏం జరిగిందో చూడాలి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మనకో సామెత ఉందిగా, నాకైతే మొత్తం కథ అదే అనిపిస్తుంది, కాకపోతే ఇక్కడ పిల్లిని పిట్టలే వెళ్ళి బతిమాలి తెచ్చుకున్నాయి, అదీ వంతులవారీగా.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకోవాలి. 16వ శతాబ్దంలో మతం అంటే ఎవరింట్లో వాళ్ళు చేసుకునే ప్రార్థన కాదు. ఊళ్ళో ఒకడు తప్పుడు పద్ధతిలో దేవుణ్ణి కొలిస్తే దేవుడి కోపం వాడొక్కడి మీదే కాదు, ఊరి మొత్తం మీద పడుతుంది, పంట పోతుంది, ప్లేగు వస్తుంది అని మామూలు జనం నిజంగా నమ్మేవాళ్ళు. పైగా ఫ్రాన్స్ రాజు పట్టాభిషేకం రోజున చర్చి దోషులుగా తేల్చినవాళ్ళని నా రాజ్యంలోంచి తుడిచేస్తానని ప్రమాణం చేస్తాడు. "ఒకే విశ్వాసం, ఒకే చట్టం, ఒకే రాజు" అనేది వాళ్ళ నినాదం. రెండు మతాలుంటే రెండు రాజ్యాలున్నట్టే అని లెక్క.

ఇంకోటి, ఫ్రెంచ్ రాజుకి ఇంగ్లండ్ ఎనిమిదో హెన్రీలాగా పోప్‌తో తెగతెంపులు చేసుకోవాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. 1516లోనే మొదటి ఫ్రాన్సిస్ పోప్‌తో ఒక డీల్ కుదుర్చుకున్నాడు, దేశంలో బిషప్పులనీ పెద్ద పెద్ద మఠాల అధిపతులనీ రాజే నామినేట్ చేస్తాడు అని. చర్చి ఉద్యోగాలన్నీ ఆల్రెడీ చేతిలో ఉన్నప్పుడు ఇంకెందుకు మతం మార్చడం? మరుసటి ఏడాదే జర్మనీలో లూథర్ గొడవ (పోప్ చర్చి మీద తిరుగుబాటు, ప్రొటెస్టెంట్లు పుట్టింది దీంట్లోంచే) మొదలైనా ఫ్రాన్సిస్ మొదట్లో చూసీచూడనట్టే ఊరుకున్నాడు. 1534 అక్టోబర్‌లో మాస్ అనే పూజనే తిడుతూ పోస్టర్లు వెలిశాయి, పారిస్‌లోనే కాదు, ఆంబ్వాజ్ కోటలో సాక్షాత్తూ రాజు పడగ్గది తలుపు మీద కూడా. అప్పుడు తిక్క రేగింది. అరెస్టులు, సజీవ దహనాలు మొదలయ్యాయి, అప్పుడు పారిపోయినవాళ్ళలో ఒక కుర్ర లాయర్ ఉన్నాడు, పేరు జాన్ కాల్విన్. ఈయన తర్వాత జెనీవాలో సెటిలై అక్కణ్ణుంచి ఫ్రెంచ్ భాషలో పుస్తకాలూ, ట్రైనింగ్ ఇచ్చిన పాస్టర్లనీ సరిహద్దు దాటించి పంపించేవాడు. 1560ల మొదట్లోకి వచ్చేసరికి ఫ్రాన్స్ జనాభాలో పదో వంతు దాకా ఈయన దారిలోకి వచ్చేశారు. వీళ్ళనే హ్యూగనాట్లు అంటారు. పదో వంతే కదా అనుకోవద్దు, ప్రభువుల్లో వీళ్ళ వాటా దానికి చాలా ఎక్కువ, అంటే కత్తులూ గుర్రాలూ కోటలూ ఉన్నవాళ్ళు ఈ పక్క గట్టిగానే ఉన్నారు.

ఇక్కడిదాకా వ్యవహారం రాజు కంట్రోల్లోనే ఉంది. 1559లో అంతా తలకిందులైంది. స్పెయిన్‌తో ఏళ్ళ తరబడి యుద్ధం ముగిసి, ఆ సంధిలో భాగంగా రాజు రెండో హెన్రీ తన కూతుర్ని స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కిచ్చి పెళ్ళి చేస్తున్నాడు, ఆ సంబరాల్లో గుర్రాల మీద ఈటెల పోటీ పెట్టారు, నలభై ఏళ్ళ రాజు నేనూ ఆడతానని దిగాడు, ఎదుటివాడి ఈటె విరిగి ముక్క కంట్లో గుచ్చుకుంది, పది రోజులు నరకం అనుభవించి పోయాడు. పెద్ద కొడుకు రెండో ఫ్రాన్సిస్‌కి పదిహేనేళ్ళు, ఏడాదిన్నరకి అతనూ పోయాడు. తర్వాతి కొడుకు తొమ్మిదో చార్లెస్‌కి పదేళ్ళు. ఖజానా నిండా అప్పులు, యుద్ధం అయిపోయి పనిలేక తిరుగుతున్న సైనికులు, సింహాసనం మీద చిన్నపిల్లాడు, పాలన చూసేది ఇటలీ నుంచి కోడలిగా వచ్చిన కాథరిన్ ద మెడిచి. ఇంట్లో పెద్దదిక్కు పోగానే పాలివాళ్ళు గట్టు జరపడం మొదలెట్టినట్టు పెద్ద ఫ్యామిలీలు రంగంలోకి దిగాయి. గీజ్ వంశం పక్కా కాథలిక్. బూర్బన్లలో ముఖ్యులు ప్రొటెస్టెంట్ వైపు. మోంమొరాన్సీ వాళ్ళల్లో పెద్దాయన కాథలిక్, ఆయన మేనల్లుడు అడ్మిరల్ కొలిన్యీ హ్యూగనాట్ల లీడర్. మతం లేకపోయినా వీళ్ళు కొట్టుకునేవాళ్ళే, కానీ అప్పుడది దర్బారు కొట్లాటగా ముగిసేది. మతం తోడయ్యేసరికి ప్రతి ఊళ్ళో, ప్రతి వీధిలో చావడానికీ చంపడానికీ రెడీగా ఉన్న జనం వీళ్ళకి దొరికారు.

కాథరిన్‌ని చరిత్రలో విషకన్యలాగా చూపిస్తారు, నాకైతే ఆవిడ మీద కొంచెం జాలే. 1561లో రెండు మతాల పండితుల్నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించింది, కుదర్లేదు. 1562 జనవరిలో హ్యూగనాట్లు ఊరి బయట ప్రార్థన చేసుకోవచ్చని ఆర్డర్ ఇప్పించింది. రెండు నెలలు కూడా తిరక్కుండా మార్చి 1న వాసీ అనే చిన్న ఊళ్ళో ఒక కొట్టంలో ప్రార్థన చేసుకుంటున్న హ్యూగనాట్ల మీద గీజ్ డ్యూక్ మనుషులు పడి పదుల మందిని చంపేశారు. యుద్ధం మొదలు. అది 1598 దాకా నడిచింది, చరిత్రకారులు దాన్ని ఎనిమిది యుద్ధాలుగా లెక్కపెడతారు. ప్రతిసారీ ఒకటే తంతు. కొంతకాలం కొట్టుకోవడం, జీతాలకి డబ్బుల్లేక ఇద్దరూ ఆగిపోవడం, రాజు ఒక శాంతి ఆర్డర్ ఇవ్వడం, అందులో హ్యూగనాట్లకి ఎక్కువిచ్చారని కాథలిక్కులూ, తక్కువిచ్చారని హ్యూగనాట్లూ మండిపడడం, మళ్ళీ మొదలు. రాజు మాటకి విలువ లేదు ఎందుకంటే రాజు దగ్గర ఆ మాట అమలు చేయించే సైన్యమూ లేదు, డబ్బూ లేదు.

1572 గురించి కాస్త ఆగి చెప్పాలి. రాజీ కోసమని కాథరిన్ తన కూతురు మార్గరీత్‌ని హ్యూగనాట్ల యువ నాయకుడు, నవార్ (స్పెయిన్ సరిహద్దులో ఒక చిన్న రాజ్యం) రాజు హెన్రీ బూర్బన్‌కి ఇచ్చి ఆగస్టు 18న పారిస్‌లో పెళ్ళి చేసింది. హ్యూగనాట్ ప్రభువులందరూ పెళ్ళికని రాజధానికి వచ్చారు, పారిస్ ఏమో కరడుగట్టిన కాథలిక్ సిటీ. 22న కొలిన్యీ మీద ఎవరో తుపాకీ పేల్చారు, గాయపడ్డాడు గానీ చావలేదు. ఇక హ్యూగనాట్లు పగ తీర్చుకోకుండా ఊరుకోరని దర్బారులో భయం పట్టుకుంది, వాళ్ళకంటే ముందు మనమే లీడర్లని లేపేద్దాం అని రాజు సభలో నిర్ణయం జరిగింది. 24 తెల్లవారుజామున, సెయింట్ బార్తొలోమ్యూ పండగ రోజు, కొలిన్యీని ఇంట్లోనే చంపి కిటికీలోంచి కిందికి తోసేశారు. వాళ్ళ ప్లాన్ కొన్ని పదుల మంది లీడర్ల వరకే అయ్యుండొచ్చు, కానీ రాజే చంపమన్నాడట అన్న మాట వీధుల్లోకి వెళ్ళగానే జనం పక్కింటివాళ్ళ మీద పడ్డారు. పారిస్‌లోనే రెండు మూడు వేల మంది, ఆ తర్వాత వారాల్లో వేరే ఊళ్ళలో ఇంకా వేల మంది పోయారు. పోప్ పదమూడో గ్రెగరీ కృతజ్ఞతా ప్రార్థన చేయించి దీని గుర్తుగా పతకం కూడా కొట్టించాడు. కొత్త పెళ్ళికొడుకు హెన్రీ ప్రాణం దక్కించుకోడానికి కాథలిక్ అయిపోయాడు, మూడున్నరేళ్ళు దర్బారులో సగం బందీగా ఉండి 1576లో తప్పించుకోగానే మళ్ళీ ప్రొటెస్టెంట్.

ఈ ఊచకోత తర్వాత హ్యూగనాట్ల ఆలోచనే మారిపోయింది. అంతకుముందు దాకా వాళ్ళు మేం రాజుకి విధేయులం, ఆయన చుట్టూ ఉన్న చెడ్డ సలహాదారుల మీదే మా యుద్ధం అనేవాళ్ళు. ఇప్పుడు రాజే చంపించాడు కాబట్టి ఆ మాట చెల్లదు. జెనీవాలో కూర్చున్న హ్యూగనాట్ లాయర్లూ పండితులూ కొత్త వాదం బయటికి తెచ్చారు, రాజు ప్రజలతో ఒప్పందం మీద రాజయ్యాడు, ఒప్పందం తప్పితే దించెయ్యొచ్చు అని. సరిగ్గా ఆ టైంలోనే, 1576లో, జాన్ బోదాన్ అనే కాథలిక్ లాయర్ ఆరు భాగాల పుస్తకం ఒకటి రాశాడు. ఇప్పుడు మనం రోజూ వాడే సార్వభౌమాధికారం అనే కాన్సెప్ట్‌కి ఒక రూపం ఇచ్చింది ఈయనే. ఒక దేశంలో చట్టం చేసే ఆఖరి అధికారం ఒక్కచోటే ఉండాలి, దాన్ని ముక్కలు చెయ్యకూడదు, దానికి కాలపరిమితీ ఉండకూడదు, అది చెడ్డ రాజు చేతిలో ఉన్నా సరే తిరగబడే హక్కు ప్రజలకి లేదు, ఎందుకంటే ఎంత చెడ్డ రాజైనా అరాచకం కంటే నయం. నాకు నచ్చే విషయం ఏంటంటే ఇదే మనిషి అదే ఏడాది బ్ల్వా ఊళ్ళో జరిగిన ఎస్టేట్స్ జనరల్‌కి మూడో వర్గం ప్రతినిధిగా వెళ్ళి, హ్యూగనాట్ల మీద మళ్ళీ యుద్ధానికి డబ్బు కావాలని రాజు అడిగితే ఒప్పుకోవద్దని నిలబడ్డాడు. ఎందుకంటే జనం ఆస్తిని వాళ్ళ ఒప్పుకోలు లేకుండా తీసుకునే హక్కు రాజుకి లేదని ఈయన వాదన. అంటే నిరంకుశత్వానికి థియరీ రాసినాయన కూడా రాజు జనం జేబులో చెయ్యి పెడతానంటే కుదరదన్నాడు.

మధ్యలో ఒక పిట్టకథ, కానీ కథకి అవసరమైనదే. సెయింట్ బార్తొలోమ్యూ నిర్ణయంలో చెయ్యి ఉందని చెప్పే రాజు తమ్ముడు హెన్రీ, మరుసటి ఏడాది 1573లో పోలాండ్‌కి రాజుగా ఎన్నికయ్యాడు. అవును, ఎన్నికే, అక్కడ ప్రభువులు ఓటేసి రాజుని పెట్టుకుంటారు. వాళ్ళు అదే ఏడాది జనవరిలో మతం పేరు మీద మేం ఒకళ్ళనొకళ్ళం చంపుకోం అని వార్సాలో తమలో తాము ఒప్పందం రాసుకున్నారు, కొత్త రాజు దాన్ని గౌరవిస్తానని ప్రమాణం చేస్తేనే కిరీటం. పారిస్‌లో రక్తం ఇంకా ఆరకముందే ఈయన పోలాండ్‌లో మతసహనానికి మాటిచ్చాడనమాట. 1574లో అన్న చార్లెస్ పోయాడని కబురు రాగానే రాత్రికి రాత్రి క్రాకో కోటలోంచి పారిపోయి ఫ్రాన్స్‌కి వచ్చి మూడో హెన్రీ అయ్యాడు. మతగొడవ ఆపాలంటే బలమైన రాజే కావాలన్న రూలేం లేదు, పోలాండ్‌లో రాజు చేతులు కట్టేసి మరీ ఆపారు.

1584లో అసలు మలుపు. మూడో హెన్రీకి పిల్లల్లేరు, ఆఖరి తమ్ముడు కూడా ఆ ఏడాది చనిపోయాడు, వారసత్వ చట్టం ప్రకారం తర్వాతి రాజు ఎవరయ్యా అంటే ఆ నవార్ హెన్రీ, హ్యూగనాట్ల లీడర్. వాదనలన్నీ రాత్రికి రాత్రి చేతులు మారాయి. నిన్నటిదాకా రాజుని దించొచ్చు అన్న హ్యూగనాట్లు అయ్యో వంశపారంపర్య హక్కు దైవదత్తం అనడం మొదలెట్టారు. రాజు పవిత్రుడు అన్న కాథలిక్కులు, మతం తప్పిన రాజుని దించడమే కాదు చంపినా పాపం లేదన్నారు. అత్తగారి సూత్రాలు కోడలు నేర్చుకుంది, కోడలి సూత్రాలు అత్తగారు నేర్చుకుంది. గీజ్ వంశం కాథలిక్ లీగ్ పెట్టింది, స్పెయిన్ డబ్బులిచ్చింది. 1588 మే 12న పారిస్ జనం మట్టి నింపిన పీపాలు వీధుల్లో అడ్డం పెట్టి రాజు సైనికుల్ని దిగ్బంధం చేస్తే రాజు ఊరొదిలి పారిపోవాల్సి వచ్చింది. డిసెంబర్‌లో ఆయన గీజ్ డ్యూక్‌ని బ్ల్వా కోటకి పిలిపించి తన అంగరక్షకులతో పొడిపించాడు. ఎనిమిది నెలలకి, 1589 ఆగస్టు 1న, జాక్ క్లెమాన్ అనే కుర్ర సన్యాసి ఉత్తరం ఇస్తానని దగ్గరికొచ్చి రాజుని పొడిచేశాడు.

ఇక నవార్ హెన్రీ నాలుగో హెన్రీ అయ్యాడు, కాగితం మీద. పారిస్ గేట్లు తియ్యలేదు. 1590లో ఆయన సిటీని ముట్టడించాడు, లోపల వేలమంది ఆకలితో చచ్చిపోయారు, కుక్కలూ పిల్లులూ గాడిదలూ అయిపోయాక శ్మశానంలో ఎముకలు పిండి కొట్టి రొట్టె చేసుకున్నారని అప్పటివాళ్ళు రాసిపెట్టారు. పల్లెల్లో ఇంకోరకం. ఈ వారం లీగ్ సైన్యం, వచ్చే వారం రాజు సైన్యం, ఎవరొచ్చినా గాదెలోని గింజలు పోయేవే. 1593 తర్వాత లిమూజాన్, పెరిగోర్ లాంటి చోట్ల క్రోకాన్లు అని రైతులు వేలల్లో లేచారు, అందులో కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసే ఉన్నారు, వాళ్ళ కోపం పన్నులేసేవాళ్ళ మీదా, దోచుకునే ప్రభువుల మీదా, రాజు మీద కాదు. ఈ గొడవ ఆపేవాడు ఎవడైనా పర్లేదు అనే స్థితి వచ్చేసింది. 1614లో ఆ మూడో వర్గం ఆర్టికల్ రాసినవాళ్ళలో కాస్త వయసున్నవాళ్ళు ఈ రోజుల్లో పిల్లలో కుర్రాళ్ళో అన్నది మర్చిపోవద్దు.

హెన్రీ 1593 జూలై 25న సాన్ దెనీ చర్చిలో మళ్ళీ కాథలిక్ అయ్యాడు. "పారిస్ కోసం ఒక మాస్ వింటే పోయేదేముంది" అని అన్నాడంటారు, అది కల్పించిన మాటే గానీ అతనికి సరిగ్గా సరిపోయే మాట. పట్టాభిషేకానికి అలవాటైన రాన్స్ సిటీ ఇంకా శత్రువుల చేతుల్లోనే ఉంటే షార్త్ర్‌లో కానిచ్చేశారు. తర్వాత లీగ్ పెద్దల్ని ఒక్కొక్కర్నీ ఓడించలేదు, కొన్నాడు. పెన్షన్లు, గవర్నర్ పోస్టులు, రొక్కం. మంత్రి సల్లీ రాసుకున్న లెక్కలో ఈ ఖర్చు 3 కోట్ల లివ్రలు (అప్పటి ఫ్రెంచ్ డబ్బు) దాటింది. ఎవరో అడిగితే ఇంత డబ్బా అనకండి, యుద్ధం చేస్తే ఇంతకు పదింతలయ్యేది అన్న ధోరణి వాళ్ళది. పార్టీ ఫిరాయింపులంటే మనకి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు కదా.

1598 ఏప్రిల్‌లో నాంట్ శాసనం. దీన్ని మతస్వేచ్ఛకి మైలురాయి అని రాస్తుంటారు, చదివితే అది అంత అందంగా ఉండదు. హ్యూగనాట్లు కొన్ని చోట్ల మాత్రమే బహిరంగంగా ప్రార్థన చేసుకోవచ్చు, పారిస్‌లో చెయ్యకూడదు, కాథలిక్ చర్చికి పన్ను కట్టాలి, కాథలిక్ పండగలకి షాపులు మూసెయ్యాలి. దానికి బదులుగా ఉద్యోగాల్లో అర్హత, రెండు మతాల జడ్జీలుండే ప్రత్యేక కోర్టులు, రక్షణ కోసం వాళ్ళ చేతుల్లో కోట గోడలున్న పట్టణాలు, ఆ సైనికులకి జీతాలు రాజు ఖజానా నుంచే. ఇక్కడే ఒక మెలిక ఉంది. పారిస్ పార్లమాన్ అనే హైకోర్టు (పేరు అలా ఉంది గానీ మన పార్లమెంట్ లాంటిది కాదు, రాజు చేసిన చట్టం రిజిస్టర్ చేసే కోర్టు) దీన్ని రిజిస్టర్ చెయ్యనని మొండికేసింది. హెన్రీ 1599లో జడ్జీల్ని లూవ్ర్ ప్యాలెస్‌కి పిలిపించుకుని కాసేపు బుజ్జగించి, కాసేపు గదిమి, నేను రాజుని, నా మాట జరగాలి అని చెప్పి పని చేయించుకున్నాడు. కోటలూ జీతాల విషయమైతే అసలు కోర్టు దాకా వెళ్ళనే లేదు, అవి రాజు వ్యక్తిగతంగా సంతకం చేసిచ్చిన కాగితాలు. అంటే హ్యూగనాట్ల భద్రత మొత్తం నిలబడ్డది రాజు కోర్టుల మీద నెగ్గగలడు అన్న ఒక్క పాయింట్ మీద. వాళ్ళకి సహనం ఇచ్చింది దేశం కాదు, రాజు. మెజారిటీ జనానికీ చర్చికీ కోర్టులకీ ఇష్టం లేని దాన్ని రాజు తన పవర్‌తో ఇప్పించాడు.

1610 మే 14న పారిస్‌లో ఒక ఇరుకు వీధిలో ట్రాఫిక్ జామై బండి ఆగితే రవయాక్ అనేవాడు ఎక్కి హెన్రీని పొడిచి చంపాడు. ఇరవై ఏళ్ళలో ఇద్దరు రాజులు మతం పేరు మీదే పోయారు, కొత్త రాజు పదమూడో లూయీకి ఎనిమిదేళ్ళు, మళ్ళీ 1559 రిపీట్ అవుతుందని జనానికి వణుకు. ఇప్పుడు అర్థమవుతుంది కదా 1614లో వాళ్ళు ఆ డిమాండ్ ఎందుకు రాశారో. రాజుని దించొచ్చు అనే మాట పుస్తకంలో ఉన్నంతకాలం ఎవడో ఒకడు కత్తి పట్టుకొస్తాడు. ఆ సభ తర్వాత మళ్ళీ ఎస్టేట్స్ జనరల్‌ని పిలిచింది 1789లోనే, 175 ఏళ్ళకి.

ఈ లూయీ మంత్రి కార్డినల్ రిషెల్యూ గురించి ఒక్క ముట్టడి చెప్తే చాలు. లా రోషెల్ అట్లాంటిక్ తీరంలో హ్యూగనాట్ల కంచుకోట, ఇంగ్లండ్‌తో దోస్తీ, సముద్రం మీద సొంత వ్యాపారం, దాదాపు ఒక చిన్న రిపబ్లిక్. 1627లో ముట్టడి మొదలైంది. సముద్రం వైపు నుంచి తిండి రాకుండా రిషెల్యూ సుమారు కిలోమీటరున్నర పొడవున రాళ్ళూ ముంచేసిన పడవలతో అడ్డుకట్ట కట్టించాడు. ఇంగ్లీష్ నౌకలు వచ్చాయి, చూశాయి, వెళ్ళిపోయాయి. 1628 అక్టోబర్‌లో లొంగిపోయేసరికి ఇరవై ఏడు వేల పైచిలుకు జనంలో మిగిలింది ఐదారు వేలు. 1629లో ఆలెస్ దగ్గర ఇచ్చిన క్షమాపణ ఉత్తర్వుతో హ్యూగనాట్ల కోటలూ సైన్యాలూ పోయాయి, ప్రార్థన హక్కు మాత్రం ఉంచాడు. కార్డినల్ అయ్యుండి ఎందుకు ఉంచాడంటే ఆయన బాధ మతం కాదు, రాజ్యంలో ఇంకో రాజ్యం ఉండకూడదనే. రెండేళ్ళకి ఇదే కార్డినల్ జర్మనీలో కాథలిక్ చక్రవర్తి మీద యుద్ధం చేస్తున్న ప్రొటెస్టెంట్ స్వీడన్‌కి డబ్బులు పంపాడు.

1635లో ఫ్రాన్స్ నేరుగా స్పెయిన్ మీద యుద్ధానికి దిగడంతో, రాజు పవర్ జనం కోరుకున్న దాన్ని దాటి చాలా ముందుకెళ్ళిపోయింది. పన్నులు రెట్టింపుకి మించిపోయాయి. వసూలు చెయ్యడానికి ఇన్‌టెండెంట్లు అని మన కలెక్టర్ల లాంటివాళ్ళని జిల్లాలకి పంపారు. పాత ఆఫీసర్లు ఉద్యోగాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ళు, 1604 నుంచి ఏటా ఉద్యోగం విలువలో అరవయ్యో వంతు కడితే కొడుక్కి రాసిచ్చుకోవచ్చు కూడా, అలాంటివాడు రాజు మాట ఎందుకు వింటాడు? ఇన్‌టెండెంట్ పోస్టు కొనడానికి ఉండదు, రాజు ఎప్పుడంటే అప్పుడు పీకెయ్యొచ్చు. బోదాన్ చెప్పిన ఆ జేబు హద్దు ఇక్కడే చెరిగిపోయింది. 1639లో నార్మండీలో జనం తిరగబడ్డారు, 1648లో పారిస్ జడ్జీలూ తర్వాత ప్రభువులూ లేచారు, ఫ్రోండ్ అంటారు దాన్ని. అప్పటికి పదమూడో లూయీ పోయి, పద్నాలుగో లూయీ పిల్లాడు. 1651లో ఒక రాత్రి రాజుని పారిస్ నుంచి దాటించేస్తున్నారన్న పుకారు పుట్టి జనం ప్యాలెస్‌లోకి దూసుకొచ్చి పడగ్గదిలో పిల్లాడు నిద్రపోతున్నాడో లేదో చూసి వెళ్ళారు, ఆ పన్నెండేళ్ళవాడు నిద్ర నటిస్తూ పడుకున్నాడు. పెద్దయ్యాక ఆయన పారిస్‌ని వదిలి వెర్సాయ్‌కి దర్బారు మార్చెయ్యడానికి ఆ రాత్రి ఒక్కటే కారణం అనను గానీ, మర్చిపోయే రాత్రి మాత్రం కాదు. అదే టైంలో సముద్రం అవతల ఇంగ్లండ్‌లో మతమూ పన్నులూ కలిసి పార్లమెంట్ రాజు తలే నరికింది, 1649లో. ఒకే రకం నిప్పు, రెండు చోట్ల రెండు రకాల వంట. అక్కడ డబ్బు మంజూరు చేసే పార్లమెంట్ గట్టిగా పాతుకుపోయి ఉంది, ఇక్కడ ఎస్టేట్స్ జనరల్‌ని పిలవడమే మానేశారు.

ఫ్రోండ్‌లో హ్యూగనాట్లు ఏం చేశారన్నది నాకు ఈ మొత్తం కథలో మనసుకి తగిలే భాగం. వాళ్ళు కదల్లేదు. కోటలు పోయాక వాళ్ళకి మిగిలిన ఒకే ఒక్క రక్షణ రాజు మాట కాబట్టి దేశంలో అందరికంటే గట్టి రాజభక్తులయ్యారు, వాళ్ళ పాస్టర్లు రాజు దేవుడి ప్రతినిధి అని ప్రసంగాలు చేశారు. 1652లో బాల లూయీ పేరు మీద వాళ్ళ విధేయతని మెచ్చుకుంటూ ప్రకటన కూడా వచ్చింది. 1661లో లూయీ సొంతంగా పాలన మొదలెట్టాక ఏరు దాటి తెప్ప తగలేసినట్టే అయ్యింది. మొదట శాసనంలో రాయనిదంతా నిషేధం అన్నారు, చర్చిలు పడగొట్టారు, ఒక్కో వృత్తిలోంచి వాళ్ళని తప్పించారు. 1681లో పువాతూలో ఇన్‌టెండెంట్ మరియాక్ కొత్త ఐడియా వేశాడు, మతం మారని హ్యూగనాట్ల ఇళ్ళల్లోనే గుర్రపు సైనికుల్ని బస పెట్టడం. తిండి పెట్టాలి, డబ్బివ్వాలి, వాళ్ళు చేసే అల్లరంతా భరించాలి, సంతకం పెడితే వెళ్ళిపోతారు. 1685కల్లా సైనికులు వస్తున్నారంటేనే ఊళ్ళకి ఊళ్ళు మారిపోయాయి. అక్టోబర్‌లో ఫాంటెన్‌బ్లో శాసనం, దాని ముందుమాటలో ఎక్కువమంది ఆల్రెడీ మారిపోయారు కాబట్టి నాంట్ శాసనం ఇక అనవసరం అని రాశారు. శాశ్వతం, రద్దు చెయ్యరానిది అని తాత రాసిన కాగితాన్ని మనవడు 87 ఏళ్ళకి రద్దు చేశాడు. చెయ్యగలిగాడు, ఎందుకంటే అది రాజిచ్చింది. ఏ పవర్‌తో నాలుగో హెన్రీ కోర్టుల్ని గదిమి దాన్ని రిజిస్టర్ చేయించాడో అదే పవర్. ఈసారి కోర్టులూ చర్చీ చప్పట్లు కొట్టాయి.

పాస్టర్లకి దేశం వదలడానికి పదిహేను రోజులు, మామూలు జనమైతే వదిలి వెళ్ళకూడదు, దొరికితే మగవాళ్ళకి ఓడల్లో తెడ్డు వేసే శిక్ష. అయినా లక్షన్నర నుంచి రెండు లక్షల మంది వెళ్ళిపోయారు, హాలండ్, ఇంగ్లండ్, బెర్లిన్, ఆఖరికి ఆఫ్రికా కొసన కేప్ దాకా. ఇంగ్లీష్‌లో రెఫ్యూజీ అనే మాట వాడుకలోకి వచ్చింది వీళ్ళ వల్లే. రోటర్‌డామ్ చేరిన పాస్టర్ ప్యేర్ జ్యూర్యూ అక్కణ్ణుంచి ఉత్తరాలు అచ్చేసి రహస్యంగా ఫ్రాన్స్‌కి పంపేవాడు, వాటిల్లో ఏముంది? రాజు అధికారం ప్రజల నుంచే వచ్చింది, ఒప్పందం తప్పితే ఎదిరించొచ్చు అని. 1572 తర్వాత తాతలు చెప్పి, 1584లో మడతపెట్టి దాచేసిన మాట.

ఈ కథకి మన కృష్ణా తీరంతో కూడా ఒక చిన్న ముడి ఉంది. గోల్కొండ వజ్రాల కోసం పదేపదే వచ్చిన వర్తకుడు జాన్ బాప్తిస్త్ తవెర్న్యే పారిస్‌లో పుట్టిన ప్రొటెస్టెంట్. పల్నాడు వైపు కొల్లూరు గనిదని చెప్పే పెద్ద నీలం వజ్రాన్ని 1668-69 ప్రాంతంలో పద్నాలుగో లూయీకి అమ్మింది ఈయనే, రాజు ఆయనకి ప్రభువు హోదా ఇచ్చాడు, ఆయన జెనీవా దగ్గర ఓబోన్ అనే ఎస్టేట్ కొనుక్కుని బారన్ అనిపించుకున్నాడు. వజ్రాన్ని రాజు కొత్తగా సాన పట్టించి పెట్టుకున్నాడు, తర్వాత రోజుల్లో దొంగతనానికి పోయి ఇంకా చిన్నదై ఇప్పుడు హోప్ డైమండ్ పేరుతో వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. తవెర్న్యే 1685లో ఎస్టేట్ అమ్మేశాడు. ఎనభై దాటిన వయసులో మళ్ళీ తూర్పు దారి పట్టి 1689లో మాస్కోలో చనిపోయాడు.